నిల్వ కాదు, పారుదల

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయికి ఆశీస్సులు.

పెర్‌ఫ్లోరోడెకలిన్ లాంటి, ఫ్లోరిన్ నిండిన ద్రావకాల్లో ఆక్సిజన్‌తో చేసే ఆక్సీకరణ చర్యల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. మూడో పేరాలో "పెర్‌ఫ్లోరోడెకలిన్ ఆక్సిజన్‌ను స్పాంజిలా పీల్చుకుంటుంది, అందుకే చర్య వేగంగా జరుగుతుంది" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఈ స్పాంజి అంటే ఎడిటర్లకు మహా ఇష్టం. అంకె కనబడితే కొట్టేస్తారు, పోలిక కనబడితే బాక్సు కట్టి వేస్తారు. వాళ్ల కోసం రాయకు.

25 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ ఆక్సిజన్ కింద, 100 మి.లీ. పెర్‌ఫ్లోరోడెకలిన్‌లో సుమారు 40 మి.లీ. వాయువు కరుగుతుంది. నీళ్లలో అయితే దాదాపు 3 మి.లీ. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆశ్చర్యపోయావు. బాగానే ఉంది, కానీ నీ ఫ్లాస్కులో నీళ్లెక్కడివి? అడుగున పెర్‌ఫ్లోరోడెకలిన్, దానితో కలవకుండా తేలే పై పొర టోలుయీన్. అందులోనూ 20 మి.లీ. దాకా కరుగుతుంది. అంటే అసలు తేడా రెండింతలే.

నీ ఉదాహరణే తీసుకో. 10 మిల్లీమోల్ ఆల్డిహైడ్ ఆమ్లంగా మారడానికి 5 మిల్లీమోల్ ఆక్సిజన్ కావాలి. వాయువుగా లెక్కేస్తే దాదాపు 120 మి.లీ. నువ్వు పోసిన 10 మి.లీ. ద్రావకంలో ఉన్నది 4 మి.లీ. మిగతా 116 ఫ్లాస్కు మీద కట్టిన ఆక్సిజన్ బెలూన్ నుంచి దిగి రావాల్సిందే. స్పాంజి పిండితే వచ్చేది ఆ నాలుగే.

బెజవాడ పిల్లవి, నీకు స్పాంజి దాకా వెళ్లాల్సిన పనేముంది? ప్రకాశం బ్యారేజీలో నిలిచేది 3 టీఎంసీలు, దాని కింద ఆయకట్టు 13 లక్షల ఎకరాలు. బ్యారేజీలో నీళ్లు చూసి రైతు నారు పోయడు. పై నుంచి ఎంత వస్తోంది, కాలువ చివరి భూములకు అందుతోందా అని చూస్తాడు.

నీ ఫ్లాస్కులో చివరి భూమి అడుగు పొర. పెర్‌ఫ్లోరోడెకలిన్ సాంద్రత 1.9, టోలుయీన్‌ది 0.87. ఉత్ప్రేరకానికి ఆరేసి, ఎనిమిదేసి కార్బన్ల ఫ్లోరిన్ తోకలు తగిలించి దాన్నీ అడుగునే కూర్చోబెట్టారు. ఆక్సిజన్ పైన, ఉత్ప్రేరకం కింద, నడుమ టోలుయీన్. కలిపే బిళ్ల నెమ్మదిగా తిరిగితే అడుగు పొర కదలదు, చర్య నత్తనడక నడుస్తుంది, నెపం ఉత్ప్రేరకం మీదకు పోతుంది. తేల్చుకోవడం కష్టం కాదు. కలిపే వేగం రెట్టింపు చేసి చూడాలి. చర్య వేగం పెరిగిందా, వాయువు అందట్లేదని అర్థం. ఉత్ప్రేరకాన్ని సగానికి తగ్గించినా వేగం తగ్గకపోతే అదే రుజువవుతుంది. ఈ రెండు పరీక్షలూ నీ వ్యాసంలో లేవు.

మరి ఈ ఖరీదైన ద్రావకం ఎందుకంటావా? ఉత్ప్రేరకాన్ని తిరిగి రాబట్టుకోవడానికి. చర్య అయ్యాక చల్లార్చి పై పొర తీసేస్తే, ఉత్ప్రేరకం అడుగు పొరతో మిగులుతుంది. 1994లో హోర్వాత్, రాబాయి చూపించింది ఇదే, అదీ హైడ్రోఫార్మిలేషన్‌లో, అంటే ఆల్కీన్‌ను ఆల్డిహైడ్‌గా మార్చే చర్యలో. ఆక్సిజన్ వైపు 1997లో క్నోకెల్ బృందం వచ్చింది: నికెల్ ఉత్ప్రేరకం 3 మోల్ శాతం, టోలుయీన్, పెర్‌ఫ్లోరోడెకలిన్, 64 డిగ్రీలు. ఇంకో లాభం, కార్బన్-ఫ్లోరిన్ బంధం రాడికల్స్‌కు (జత లేని ఎలక్ట్రాన్‌తో చురుగ్గా తిరిగే కణాలకు) లొంగదు కాబట్టి ద్రావకం తనే ఆక్సీకరణ చెందదు. రెండో మూడో వాడకంలో పై పొరకు ఉత్ప్రేరకం రంగు పట్టిందంటే లోహం జారిపోతోందన్నమాట. రంగు లేకపోయినా, లోహపు ఆనవాళ్లను కొలిచే ఐసీపీ పరీక్షలో చూడందే నమ్మకూడదు.

"ఉప ఉత్పత్తి నీరు మాత్రమే" అని కూడా రాశావు. సల్ఫైడ్‌ను సల్ఫాక్సైడ్ చేసే పద్ధతిలో ఐసోబ్యూటిరాల్డిహైడ్ బలిపశువు. ఆక్సిజన్‌తో కలిసి అది పెరాసిడ్ (ఒక ఆక్సిజన్ ఎక్కువున్న ఆమ్లం) అయి, ఆ ఆక్సిజన్‌ను సల్ఫైడ్‌కు ఇచ్చేసి, చివరికి ఐసోబ్యూటిరిక్ ఆమ్లంగా మిగులుతుంది. ఆ వాసన భరించినవాళ్లు నీరు మాత్రమే అనరు. "గ్రీన్" అనే మాట ఈమధ్య ప్రతిదానికీ పసుపూ కుంకుమలా పెడుతున్నారు. ఈ పెర్‌ఫ్లోరో ద్రావకాలు గాల్లో కలిస్తే వేల ఏళ్లు పోవు. అది కూడా రాయి.

హెక్సాఫ్లోరోఐసోప్రొపనాల్ అనే ఫ్లోరిన్ ఆల్కహాల్‌ను కూడా ఇదే గాటన కట్టావు. పేరులో ఫ్లోరిన్ ఉంటే చాలా? ఇది ధ్రువ ద్రావకం, 58 డిగ్రీలకే మరుగుతుంది, హైడ్రోజన్ బంధం గట్టిగా వేస్తుంది. 2017లో వచ్చిన పనిలో, ఈ ద్రావకంలో కోబాల్ట్ ఎసిటేట్, ఎన్-హైడ్రాక్సీథాలిమైడ్ ఉత్ప్రేరకాలతో టోలుయీన్‌ను ఆక్సీకరిస్తే చర్య బెంజాల్డిహైడ్ దగ్గరే ఆగింది. ఎసిటిక్ ఆమ్లంలో అయితే బెంజోయిక్ ఆమ్లం దాకా పోతుంది. ఆల్డిహైడ్‌లోని ఆక్సిజన్‌ను ఈ ఆల్కహాల్ హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది, దాంతో రాడికల్ ఆల్డిహైడ్‌లోని హైడ్రోజన్‌ను లాగడం కష్టమవుతుంది. ఇక్కడ ఆక్సిజన్ ఎంత కరిగిందన్నది అసలు విషయమే కాదు.

భద్రత గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు, "ఈ ద్రావకాలు మండవు" అని. పెర్‌ఫ్లోరోడెకలిన్ మండదు, నిజం. దాని మీద తేలే టోలుయీన్ 4 డిగ్రీలకే మంటందుకునేంత ఆవిరి ఇస్తుంది, ఆ ఆవిరిలోకి నువ్వు స్వచ్ఛమైన ఆక్సిజన్ పంపుతున్నావు. చర్య అయ్యాక ద్రావకాన్ని ఆవిరి చేసి తీసేముందు, పేలే గుణమున్న పెరాక్సైడ్ ఉందేమో పొటాషియం అయోడైడ్-స్టార్చ్ కాగితంతో చూసుకోవాలి. కాగితం నీలమైతే ఆవిరి చేయకూడదు. చదివి చేసి చూసే పిల్లలుంటారు.

పుస్తకం వేయడం గురించి అడిగావు. ముందు ఆ 116 మి.లీ. ఎలా దిగొచ్చిందో రాసి పంపు.