పదో రోజుకే మెంబ్రేన్ బయటపడుతుంటే

కింది దవడ పళ్ల చుట్టూ ఎముక గుంటలో గ్రాఫ్ట్ (ఎముక పొడి) వేసి కొలాజెన్ మెంబ్రేన్ (పల్చటి కప్పు పొర) కప్పిన ప్రతిసారీ పదో రోజుకి చిగురు విడిపోతోందన్నారు. తప్పు మెంబ్రేన్‌ది కాకపోవచ్చు, ఫ్లాప్‌ని (కోసి పైకెత్తిన చిగురుని) లాగి కుడుతున్నట్టున్నారు. ఆ బిగువుకి అంచులో రక్తప్రసరణ తగ్గి, కుట్టు దగ్గర తెల్లబడి తెగిపోతుంది.

1. గ్రాఫ్ట్ ఎముక అంచు వరకే నింపండి, కుప్ప పోయొద్దు.

2. మెంబ్రేన్ గుంట అంచులు దాటి 2–3 మి.మీ. ఉండాలి.

3. చాలామంది వదిలేసేది పెరియోస్టియం (ఎముకను కప్పి ఉండే పొర) కోత. కొత్త 15 నంబరు బ్లేడుతో, ఫ్లాప్ లోపలివైపు అడుగున, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే గీత. లోతు 1 మి.మీ. లోపే. ఆ తెల్లటి పొర తెగగానే ఫ్లాప్ చేతికి సాగుతుంది. కుట్టే చోటు దాటి 3 మి.మీ. పైకి తెచ్చి వదిలేయండి. వెనక్కి జారితే కుట్టొద్దు, ఇంకా వదులు చేయాలి. ప్రీమోలార్ల (కోరపంటి వెనక పళ్ల) దగ్గరైతే మెంటల్ నరం (కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చేది) ఎక్కడుందో చూశాకే బ్లేడు పెట్టండి, దయచేసి.

4. ముందు హారిజాంటల్ మాట్రెస్ (అంచుకి సమాంతరంగా వేసే కుట్టు), తర్వాత విడి కుట్లు.

ఇప్పుడు బయటపడ్డ కేసులో చీము లేకపోతే మెంబ్రేన్ పీకకండి. 0.12 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రోజుకి రెండుసార్లు, ఆ చోట బ్రష్ వద్దు. 6 నెలలదాకా ప్రోబ్ (చిగురు లోతు కొలిచే కడ్డీ) పెట్టొద్దు.