టీసీ ఇవ్వకపోతే బడిలో చేరేదెలా?

ప్రశ్న: కాకినాడలో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి ముగించిన మా అమ్మాయిని, ఈ జూన్‌లో అమలాపురం దగ్గరి మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేర్చాలనుకుంటున్నాము. ఫీజు బకాయి ఉందని పాతబడివారు టీసీ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, బడి తెరిచిన రోజునే అమ్మాయిని వెంటబెట్టుకుని ప్రధానోపాధ్యాయులను కలవండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ బడికి మారే పిల్లలకు పాత పాఠశాల వెంటనే టీసీ ఇచ్చి తీరాలి; అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశాన్ని నిరాకరించడానికి గానీ, వాయిదా వేయడానికి గానీ వీలు లేదు. బకాయి పెద్దలు తేల్చుకోవలసిన సంగతి. దానికి పిల్ల చదువును తాకట్టు పెట్టడం అన్యాయం. అప్పటికీ చేర్చుకోకపోతే మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.