వాగులో దిగేముందు: క్రేఫిష్ సర్వేకి వెళ్తున్న మేనకోడలికి

అమ్మాయీ,

రొయ్యలా ఉండి పీతలా డెక్కలున్న క్రేఫిష్‌ను వెతికి లెక్కించే సర్వేకి లైసెన్సు చేతికొచ్చిందని, వచ్చే నెల ఇంగ్లాండ్ ఉత్తరాన కంబ్రియాలో ఈడెన్, కెంట్ నదుల ఉపవాగుల్లో దిగబోతున్నానని రాశావు. చాలా సంతోషం. రాళ్లు ఎలా తిప్పాలి, జంతువును ఎలా పట్టుకోవాలి అని అడిగావు. అవీ చెప్తాను గానీ, ముందు బూట్ల సంగతి వినాలి.

ఒక వాగు నుంచి ఇంకో వాగుకి వెళ్లేలోపు నీ బూట్లు, వల, బకెట్టు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పైకి తడి కనపడనంత మాత్రాన ఆరినట్టు కాదు. బూటు అడుగు గాడుల్లో, లేసుల్లో, వల అంచు కుట్టులో చెమ్మ దాక్కుంటుంది. ఆ చెమ్మ చాలు, క్రేఫిష్ ప్లేగు ఒక లోయ నుంచి ఇంకో లోయకి దాటడానికి. ఆ జబ్బు తెచ్చేది అఫనోమైసిస్ అస్టాసి అనే, బూజును పోలిన జీవి. దాని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి క్రేఫిష్ గుల్లను అంటుకుని లోపలికి మొలుస్తాయి. ఆసరా దొరక్కపోతే ఎక్కువ కాలం బతకవు, ఎండితే ఇంకా త్వరగా చస్తాయి. అందుకే ఎండబెట్టడానికి మించిన మందు లేదంటాను. వీలైతే ఒక్కో నదికి ఒక్కో జత బూట్లు పెట్టుకో. చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు మావయ్య అనుకున్నా సరే.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ బీజం సోకితే మన బ్రిటన్ దేశవాళీ తెల్ల డెక్కల క్రేఫిష్‌కి తట్టుకునే శక్తి లేదు. వాగు మొత్తం ఖాళీ అవుతుంది. ఉత్తర అమెరికా జాతులు తరతరాలుగా దానితో కలిసి బతికాయి కాబట్టి, గుల్లలోకి చొచ్చుకొచ్చిన తంతువుల చుట్టూ నల్లటి మెలనిన్ పేర్చి అక్కడికక్కడే కట్టడి చేస్తాయి. సాధారణంగా జబ్బు పడవు, మోసుకుతిరుగుతాయి. ఐరోపాలో ఈ తెగులు మొదట కనపడింది 1860 ప్రాంతంలో ఇటలీలో. స్వీడన్‌లో దేశవాళీ క్రేఫిష్ దెబ్బతింటే, ఆ లోటు పూడ్చడానికని 1960ల్లో అమెరికా నుంచి సిగ్నల్ క్రేఫిష్ తెచ్చి వదిలారు. అది కూడా ఆ తెగులు మోసే జాతే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. బ్రిటన్‌కి కూడా సిగ్నల్‌నే 1970ల్లో పెంపకం కోసం తెచ్చారు. చెరువుల్లో ఉంచుతామన్నారు. క్రేఫిష్ గట్టెక్కి నడవగలదని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక పని. రాయిని విసురుగా తిప్పకు. ప్రవాహానికి ఎదురుగా నడుస్తూ వెతకాలి. అప్పుడు నువ్వు రేపిన ఒండ్రు నీ వెనక్కి పోతుంది, ముందున్న నీళ్లు తేటగా ఉంటాయి. రాయిని ఒక అంచు నుంచి మెల్లగా లేపి, మడ్డి కొట్టుకుపోయేదాకా ఆగు. అక్కడుంటే మొదట మీసాలు కదులుతాయి. బెదిరితే తోక మడిచి ఒక్క ఉదుటున వెనక్కి దూకుతుంది కాబట్టి, చిన్న వల దాని వెనక పెట్టి, ముందు వైపు నుంచి చేయి చూపించు. డెక్కల వెనక, వీపు గుల్లకి రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు ఆనించి పట్టుకుంటే డెక్క నిన్ను అందుకోలేదు. రాయిని ఎలా ఉన్నదో అలాగే పెట్టి రావాలి. దాని ఇల్లు అదే.

చేతిలోకి వచ్చాక ముందు జాతి తేల్చుకో. డెక్క అడుగు చూడు: మనదైతే మాసిన తెలుపు, ఒక్కోసారి లేత గులాబీ. సిగ్నల్‌దైతే ఎరుపు, పైన డెక్క కీలు దగ్గర తెల్లటి లేదా లేత నీలి మచ్చ. రంగును మాత్రమే నమ్మితే పిల్లల దగ్గర పొరపడతావు. తల భాగం, మొండెం కలిసే గాడి వెనక పక్కన వేలితో తడుము. మనదానికి అక్కడ చిన్న చిన్న ముళ్లు తగులుతాయి, సిగ్నల్‌కి నున్నగా ఉంటుంది. తర్వాత ముట్టె కొస నుంచి వీపు గుల్ల వెనక అంచు దాకా కాలిపర్‌తో కొలవాలి. తోక కలపకు, అది ముడుచుకుంటుంది. మగదా ఆడదా తెలియాలంటే తిరగేసి చూడు: మగదానికి ముందున్న రెండు జతల ఈత కాళ్లు గట్టిపడి, నడిచే కాళ్ల మధ్యకి ముందుకి వాలి ఉంటాయి. మనదైతే, కొలత ముగిసిందా, వదిలెయ్. ఫోటోల కోసం గాల్లో పట్టుకుని ఆడుకుంటే, పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం.

మనవాటిలో తోక కింద గుడ్లున్న ఆడది దొరికితే కొలవనే వద్దు, నెమ్మదిగా నీళ్లలో దించు. శరదృతువులో జతకట్టి, వందకు అటూ ఇటూగా గుడ్లను చలికాలమంతా పొట్ట కింద మోస్తుంది. వేసవి మొదట్లో పిల్లలు బయటికొచ్చినా, రెండోసారి గుల్ల విడిచేదాకా తల్లినే పట్టుకుని ఉంటాయి. అందుకే సర్వేలు జూలైలో మొదలుపెడతారు. పిల్లలు పెట్టే వయసు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. సిగ్నల్ ఒక్క ఈతకే రెండు వందల నుంచి నాలుగు వందల గుడ్లు మోయగలదు. లెక్క నువ్వే వేసుకో.

మెత్తగా, తడిసిన అట్టలా తగిలేది చేతికొస్తే భయపడకు. అప్పుడే గుల్ల విడిచిందన్నమాట. నాకు ఈ జంతువులో అన్నిటికన్నా ముచ్చటేసే సంగతి ఇదే. గుల్ల విడిచేముందు అందులోని కాల్షియాన్ని కొంత లాగి, పొట్ట గోడలో రెండు గుండ్రటి తెల్ల రాళ్లుగా దాచుకుంటుంది. కొత్త గుల్ల గట్టిపడటానికి మళ్లీ అదే కరిగించుకుంటుంది, పాత గుల్లను తినేస్తుంది కూడా. పూర్వం ఐరోపా మందుల కొట్లలో ఆ రాళ్లను పీతకళ్లని అమ్మేవాళ్లు! సున్నం ఉన్న నీళ్లంటే దీనికి ఇష్టం ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా.

సిగ్నల్ కనపడితే తిరిగి నీళ్లలో వదలకూడదు, చట్టం ఒప్పుకోదు. అలాగని ఊళ్లోవాళ్లు "బుట్టలు పెట్టి పట్టి తినేద్దాం" అంటే తలూపకు. బుట్టలో పడేవి ఎక్కువగా పెద్దవే. పిల్లల్ని తినేదీ అవే. వాటిని తీసేస్తే చిన్నవి చెలరేగుతాయి. పైగా అనుమతి లేకుండా ఇంగ్లాండ్‌లో బుట్ట పెట్టకూడదు, నీటికుక్కలు చిక్కుకుని చస్తాయి. పారే నదిలో సిగ్నల్‌ను చివరికంటా ఏరేసే దారి నాకైతే కనపడలేదు. సిగ్నల్ చేరలేని విడి చెరువులు, పాత క్వారీ గుంటలు వెతికి మనవాటిని అక్కడికి చేర్చడం, బ్రిస్టల్ జూ వాళ్లలా పెంచి వదలడం, నా దృష్టిలో ఇవే పనికొచ్చేవి.

పట్టపగలు బయట తిరిగేది, పొడుగు కాళ్లేసుకుని తూలుతూ నడిచేది, ముట్టుకున్నా తోక కొట్టనిది కనపడితే అది ప్లేగు గుర్తు కావచ్చు, ఆ రోజు సర్వే అక్కడితో ఆపెయ్. వెంటనే ఇంగ్లాండ్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి ఫోన్ చెయ్. ఇంకో వాగు మొహం చూడకు.

దొరికిన చోటు పేరు మాత్రం ఎక్కడా ఫోటోతో పెట్టకు. రికార్డు ఎవరికి పంపాలో లైసెన్సులో ఉంటుంది, వాళ్లకు చాలు. మొదటి వారం ఫారాలు నింపాక నాకు ఒకసారి చూపించు, ముళ్ల దగ్గర అనుమానమొస్తే ఫోటో పంపు.

ఆశీస్సులతో,
మావయ్య