నగరంలో పండించిన కూరలు తినవచ్చా?

ప్రశ్న: మా ఇల్లు ఉప్పల్‌లో పెద్ద రోడ్డుకు దగ్గరలో ఉంది. పెరట్లో తోటకూర, పాలకూర, టమాటా, వంగ వేశాము. బండ్ల పొగ పట్టిన ఆకు విషంతో సమానమని, నగరంలో పండిన కూర తినకూడదని పక్కింటివారు అంటున్నారు. మేము కొనక ముందు ఈ స్థలంలో బ్యాటరీలు బాగుచేసే షెడ్డు ఉండేదట. మూడేళ్ల మా మనవడు రోజూ పెరట్లోనే ఆడుకుంటాడు. తోట మానెయ్యాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, తోట మానవలసిన పని లేదు. కానీ పెరటి మట్టిని పరీక్ష చేయించి ఫలితం చూసేవరకు అందులో పండిన ఆకుకూరలు వండకండి, బాబును ఆ మట్టిలో ఆడనివ్వకండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది పొగ కాదు, మీరు చివరలో రాసిన షెడ్డు సంగతి.

వాహనాల బ్యాటరీలో ఉండేవి సీసపు పలకలు, సీసపు పొడి, ఆమ్లం. వాటిని విప్పి బాగుచేసే చోట ఆ పొడి నేలపాలు కాకుండా ఉండదు. సీసం కుళ్లిపోయేది కాదు, వానకు తేలికగా కొట్టుకుపోయేదీ కాదు. పై మట్టిని అంటిపెట్టుకుని దశాబ్దాల తరబడి అక్కడే ఉంటుంది. పొగ విషయంలో పక్కింటివారి భయానికి ఒకప్పుడు గట్టి ఆధారమే ఉండేది, ఎందుకంటే ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. మన దేశంలో అది 2000లో ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డు మీది నుంచి వచ్చి ఆకుల మీద వాలే దుమ్ము మంచిది కాకపోయినా, రెండు మూడు నీళ్లలో బాగా జాడించి కడిగితే చాలావరకు పోతుంది. రోడ్డు వైపు గుబురుగా పెరిగే కంచె మొక్కలు పెంచితే తోట మీద పడే దుమ్ము ఇంకా తగ్గుతుంది.

సీసం వేళ్ల గుండా మొక్కలోకి ఎక్కేది తక్కువే. టమాటా, వంగ, బెండ వంటి కాయల్లోకి చేరేది మరీ స్వల్పం. నేలకు దగ్గరగా పెరిగే ఆకుకూరల మీద వాన చినుకులకు చిందిన మట్టి అంటుకుంటుంది, ముల్లంగి, క్యారెట్ వంటి దుంపలు మట్టిలోనే ఊరతాయి కాబట్టి అసలు జాగ్రత్త వీటి దగ్గర కావాలి. కాడ్మియం అనే మరో లోహం తీరు వేరు. అది వేళ్ల నుంచి ఆకుల్లోకి సులువుగా ఎక్కుతుంది, పాలకూర దాన్ని బాగా పీల్చుకుంటుంది, ఆకు లోపలికి చేరిన తరువాత ఎంత కడిగినా ప్రయోజనం ఉండదు. ఉడికించినంత మాత్రాన ఏ లోహమూ నశించదు.

అయితే మీ ఇంట్లో కూర కంటే ముందుగా ఆలోచించవలసింది పిల్లవాడి చేతుల గురించి. మూడేళ్ల పిల్లలు మట్టి చేతులు నోట్లో పెట్టుకోవడం సహజం, కడుపులోకి వెళ్లిన సీసాన్ని పెద్దల శరీరం కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుంది. ఎదిగే మెదడుకు అది చేటు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదు అని చెప్పగల పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. పిల్లల వైద్యుడికి షెడ్డు సంగతి చెప్పి, బాబుకు రక్తంలో సీసం పరీక్ష చేయించమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

మట్టి పరీక్షలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రైతులకు భూసార కార్డు ఇచ్చేందుకు చేసే పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఉదజని సూచిక (మట్టి పులుపును తెలిపే pH) వంటి 12 అంశాలు చూస్తారు గానీ సీసం, కాడ్మియం వాటిలో ఉండవు. కార్డులో అంతా బాగుందని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. ఆ రెండు లోహాల పేర్లూ చెప్పి, వాటిని కొలిచే ప్రయోగశాలలోనే పరీక్ష చేయించాలి. పెరట్లో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు వరకు మట్టి తీసి కలిపి ఒక నమూనాగా, షెడ్డు ఉన్న చోటి మట్టిని విడిగా మరో నమూనాగా ఇవ్వండి. ఇళ్ల దగ్గరి మట్టిలో కిలోకు 400 మిల్లీగ్రాముల సీసం దాటితే జాగ్రత్త పడాలని చెబుతూ వచ్చిన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, 2024లో ఆ హద్దును 200కు తగ్గించింది. చిన్నపిల్లలున్న ఇంట్లో 100 దాటినా ఆ నేలలో ఆకుకూరలు, దుంపలు వేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఎక్కువని తేలితే ఆ నేలను మందపాటి పట్టాతో కప్పి, దాని మీద ఇటుకలతో ఒకటిన్నర అడుగుల ఎత్తు మడులు కట్టి, బయటి నుంచి తెచ్చిన మంచి మట్టి, చివికిన ఎరువు నింపి పండించుకోవచ్చు. బాబు ఆడుకునే చోట బండలు పరిపించండి.

నగరంలో పండినదేదీ తినకూడదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. బజారులో కొనే కట్ట ఏ నీటితో పెరిగిందో మనకు తెలియదు; నగరపు మురుగు కలిసిన మూసీ నీరు పారే పొలాల్లోనూ ఆకుకూరలు పండుతున్నాయి. మీ పెరటి మట్టిని, నీటిని మీరే పరీక్ష చేయించుకోగలరు.

ప్రశ్న: మిద్దె మీద పాత ప్లాస్టిక్ డ్రమ్ములు కోయించి కొత్తిమీర, పుదీనా పెంచుతున్నాము. వారానికోసారి జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం వంటివి కలిపి పులియబెట్టిన ద్రవ ఎరువు) చల్లుతాము. ఇవి క్షేమమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మట్టి బయటి నుంచి తెచ్చినదే కాబట్టి మిద్దెతోటలో పాత నేల భయం ఉండదు, కానీ డ్రమ్ము దేనికి వాడినదో తెలిసి తీరాలి. పాత సామాను దుకాణాల్లో దొరికే నీలి డ్రమ్ముల్లో కొన్ని రసాయన కర్మాగారాల నుంచి వచ్చినవి ఉంటాయి. వాటి వాసన కడిగితే పోవచ్చు గానీ ప్లాస్టిక్‌లోకి ఇంకినది పోయిందని నమ్మకం లేదు. లోపల ఏముండేదో అమ్మినవారు చెప్పలేకపోతే ఆ డ్రమ్ములో పూలమొక్కలు పెట్టండి.

జీవామృతంలో పచ్చి పేడ ఉంటుంది, పేడలో రోగకారక క్రిములు ఉండవచ్చు. కొత్తిమీర, పుదీనా చాలాసార్లు పచ్చిగానే తింటాము కాబట్టి వాటి ఆకుల మీద అది చల్లడం మానండి. పచ్చి పేడ వేసిన మట్టికి తగిలే పంటను కనీసం 120 రోజుల దాకా కోయకూడదని అమెరికా సేంద్రియ సాగు నిబంధనలు చెబుతున్నాయి, కొత్తిమీర నెలన్నరకే కోతకు వస్తుంది. అందుచేత ఈ రెండింటికీ బాగా చివికిన ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ వేసి, జీవామృతాన్ని ఉడికించి తినే కాయగూరల మొదళ్లలో పోయండి.