ప్రశ్నలు – జవాబులు: పొలంలోకి దిగని శిక్షణ

ప్రశ్న: ఊళ్లలో తిరిగి రైతులకి సలహాలిచ్చే వ్యవసాయ విస్తరణ సిబ్బందికి శిక్షణ ఇచ్చే చోట పనిచేస్తున్నాను. రెండు వారాల తరగతులు, మంచి స్లైడ్లు, చివర్లో పరీక్ష. అందరికీ మంచి మార్కులే వస్తాయి. తీరా ఊళ్లలోకి వెళ్లాక, రైతులు మా మాట పట్టించుకోవడం లేదని వాళ్లే ఫోన్ చేసి వాపోతుంటారు. పాఠాలు మార్చాలా, మనుషుల్ని మార్చాలా?

జవాబు: మనుషుల్ని మార్చక్కర్లేదండీ. పాఠాలు కూడా చాలావరకు బాగానే ఉండి ఉంటాయి. మార్చాల్సింది చోటు. మీ ఉత్తరంలో వారాలున్నాయి, స్లైడ్లున్నాయి, మార్కులున్నాయి, పొలం అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. గమనించారా?

రైతు వచ్చి "పైరు పసుపెక్కింది, ఏం వేయమంటారు?" అని అడిగాడనుకోండి. క్లాసులో చదువుకున్నవాడు టక్కున "నత్రజని లోపం, యూరియా వేయండి" అంటాడు, పరీక్షలో ఆ జవాబుకి మార్కు కూడా పడుతుంది. పొలంలో పడదు. ముందు పసుపెక్కింది కింది ముదురు ఆకులా, పైన కొత్తగా వచ్చే లేత ఆకులా అన్నది చూడాలి. ముదురు ఆకులైతే నత్రజని మీద అనుమానం, లేత ఆకులైతే ఇనుము, గంధకం లాంటివాటి మీద. చేనంతా ఒకేలా ఉందా, పల్లంలో నీళ్లు నిలిచిన మేరకే ఉందా? ఈ మధ్య ఏం కొట్టారు, అదే పంపుతో అంతకుముందు కలుపు మందు కొట్టి కడక్కుండా వదిలేశారా? ఒక మొక్క పీకి వేరు చూశారా? వేరు కుళ్లిన మొక్కకి ఎన్ని బస్తాల యూరియా వేసినా దండగే. ఈ ప్రశ్నలన్నీ స్లైడు మీద వరసగా రాసి చూపిస్తే ఎవరికీ గుర్తుండవు. మీ శిక్షణకి వచ్చినవాళ్లని నలుగురేసి చొప్పున పసుపెక్కిన చేలోకి దింపి, గంటసేపు పరిష్కారం ఎవరూ చెప్పకూడదు, ప్రశ్నలే అడగాలని షరతు పెట్టండి. మొదటి పది నిమిషాలు నోరు కట్టుకోలేక అల్లాడిపోతారు, చూడ్డానికి సరదాగా ఉంటుంది.

ఇదేమీ నా సొంత కనిపెట్టుడు కాదు. ఇండోనేషియాలో వరికి సుడిదోమ (మొక్క రసం పీల్చే చిన్న పురుగు) పట్టి దేశమే వణికినప్పుడు తేలిందేమిటంటే, ఎడాపెడా కొట్టిన పురుగుమందులు సుడిదోమని తినే సాలీళ్లని, ఇతర మిత్ర పురుగుల్ని ముందు చంపేస్తున్నాయి, దోమకి అడ్డు లేకుండా పోతోంది. 1986లో ప్రభుత్వం వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించింది. నిషేధిస్తే సరిపోదు కదా, మందు కొట్టాలో వద్దో రైతు తనంతట తను తేల్చుకోగలగాలి. అందుకే 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో పొలంబడులు మొదలయ్యాయి. పాతిక మంది దాకా రైతులు వారానికోసారి చేలో కలుస్తారు, మొక్కల్ని పరిశీలిస్తారు, పురుగుల్ని లెక్కపెడతారు, చూసింది పెద్ద కాగితం మీద బొమ్మ గీసి, ఈ వారం ఏం చేయాలో వాదించుకుంటారు. సాలీడు సుడిదోమని తింటుందని ఎవరో చెబితే నమ్మక్కర్లేదు, రెండింటినీ ఒక సీసాలో వేసి మూత కట్టి మర్నాడు చూస్తే సరి.

మీకు పనికొచ్చే ముక్క ఇంకోటుంది. ఆ పొలంబడులు నడిపేవాళ్లకి ముందుగా పంట కాలమంతా శిక్షణ ఇచ్చారు. నారు పోయడం దగ్గర్నుంచి కోత దాకా వాళ్లే స్వయంగా వరి పండించాలి. బురదలో కాలు పెట్టకుండా రైతులకి సలహాలిస్తున్న మనిషికి, తన సలహా ఎంత కష్టమో (కూలీలు దొరక్క, వాన ఆగక) అప్పుడే అర్థమవుతుంది. ఆఫ్రికాలో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. ఘనాలోని కేప్ కోస్ట్ విశ్వవిద్యాలయంలో 1993లో, అప్పటికే ఉద్యోగంలో ఉన్న విస్తరణ సిబ్బంది కోసం ఒక డిగ్రీ పెట్టారు. అందులో క్యాంపస్ చదువుతో పాటు, నెలల తరబడి రైతుల మధ్యే ఉండి, వాళ్ల సమస్య మీద వాళ్లతో కలిసి ఒక పని చేయడం కూడా చదువులో భాగమే.

పంట కాలమంతా మా వల్ల కాదు, బడ్జెట్ లేదు అంటారేమో. సరే, ఒప్పుకుంటాను. అయితే ఆ రెండు వారాల్నీ ఒకేసారి ఊదేయకుండా ముక్కలు చేయండి. విత్తేటప్పుడు మూడు రోజులు, కలుపు వేళ మూడు రోజులు, పూతకి ముందు కొన్ని, కోతకి ముందు కొన్ని. మధ్యలో వాళ్లు ఊళ్లలో తిరిగి, ఎక్కడ తెల్లమొహం వేశారో ఆ ప్రశ్నలతో తిరిగి మీ దగ్గరికి వస్తారు. అప్పుడు పాఠం ఏం చెప్పాలో మీరు వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: కొత్తగా ఉద్యోగంలో చేరాను. మంచి పద్ధతి ఎంత విడమర్చి చెప్పినా రైతులు తల ఊపుతారు, చేసేది మాత్రం పాతదే. చదువు లేకపోవడమే కారణమా?

జవాబు: కాదు. కోపంగా అంటున్నానని అనుకోకండి, కానీ ఈ మాట మనసులో ఉంటే అది మీ ముఖంలో కనిపిస్తుంది, రైతు దాన్ని ఇట్టే పట్టేస్తాడు.

అమెరికాలో అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా పాకిందో 1943లో ఇద్దరు పరిశోధకులు రాశారు. 259 మంది రైతుల్ని అడిగారు. చివరికి ఇద్దరు తప్ప అందరూ ఆ విత్తనానికి మారారు, అయితే దానికి పుష్కరం పైనే పట్టింది. విత్తనం సంగతి చాలామందికి మొదట చెప్పింది అమ్మకందార్లు, వేసేలా ఒప్పించింది మాత్రం పక్క చేను రైతు. అదీ మొదట చేనులో చిన్న ముక్కలో వేసి చూసుకుని, తర్వాతే మిగతా చేనుకి. మంచి దిగుబడి ఇచ్చే విత్తనానికే అన్నేళ్లు పడితే, మీరు పోయిన నెల చెప్పిన మాట ఈ నెలలో చేలో కనబడలేదని టెన్షన్ పడడం దేనికి?

అసలు కథ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది. 1903లో టెక్సస్‌లోని టెరెల్ దగ్గర సీమన్ నాప్ అనే ఆయన ఒక రైతు పొలంలోనే కొత్త పద్ధతులు చేయించి చూపించాడు. ఆ ఊరి వ్యాపారులు, పెద్దలు కలిసి ముందే కొంత డబ్బు పోగేసి పక్కన పెట్టారు, పంట దెబ్బతింటే రైతుకి ఇవ్వడానికి. ఇవ్వాల్సిన అవసరం రాలేదు, లాభమే వచ్చింది. కానీ ఆ హామీ ఉంది కాబట్టే ప్రయోగం రైతు మీద బరువు కాలేదు. మీరు హామీ నిధి పెట్టలేరు, తెలుసు. "మొత్తం చేనులో వద్దు, ఈ మూల నాలుగు సాళ్లలో చేసి చూద్దాం, పక్కన మీ పద్ధతే ఉంచండి" అని అనగలరు కదా. పోతే పోయేది నాలుగు సాళ్లే.

ఇంకోటి. మీరు చెబుతున్నది ఎవరికి? సభకి వచ్చి కుర్చీలో కూర్చున్న మగవాళ్లకేనా? కలుపు తీసేది, విత్తనం దాచేది ఆడవాళ్లయితే ఆ విషయాలు వాళ్లకే, వాళ్లు తీరికగా ఉండే వేళకే చెప్పాలి. ఇంట్లో ఒకరికి చెబితే మిగతావాళ్లకి చేరిపోతుందని అనుకోకండి, చేరదు.

ప్రశ్న: రైతు అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదని చెప్పొచ్చా? పరువు పోదా?

జవాబు: తెలియదని చెబితే పోదు, తెలియకుండా మందు పేరు చెబితే పోతుంది, దాంతో పాటు పంటా పోతుంది. ఉద్యోగం కొత్తలో ఒక రైతు చూపించిన తెగులుకి నేను పేరు తప్పు చెప్పాను, ఆయన నా మాట మీద మందు కొన్నాడు, పైరు కోలుకోలేదు. తర్వాత రెండేళ్లు ఆయన నన్ను చూసి ఎంతో మర్యాదగా నవ్వేవాడు కానీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"ఇది నాకు తెలియదు, కనుక్కుని గురువారం వచ్చి చెబుతాను" అనండి. గురువారం వెళ్లండి, జవాబు దొరక్కపోయినా సరే. 1970లలో ప్రపంచ బ్యాంకు ద్వారా డేనియల్ బెనోర్ చాలా దేశాల్లో పెట్టించిన శిక్షణ–సందర్శన పద్ధతి (విస్తరణ సిబ్బందికి తరచూ శిక్షణ ఇచ్చి, రైతుల దగ్గరికి పంపడం) మీద నాకు ఫిర్యాదులు చాలానే ఉన్నాయి, పైనుంచి వచ్చిన ఒకే సందేశాన్ని అందరికీ వల్లించడం వాటిలో మొదటిది. కానీ అందులో ఒక్కటి మాత్రం బంగారం. ఏ రైతు బృందం దగ్గరికి పక్షం రోజుల్లో ఏ రోజు వెళ్లాలో ముందే ఖాయం. ఆ మనిషి ఎప్పుడొస్తాడో రైతుకి తెలుసు, దాచుకున్న ప్రశ్నలు ఆ రోజుకి సిద్ధంగా ఉండేవి.

ప్రశ్న: ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియోలున్నాయి. ఇంకా ఈ మనుషుల శిక్షణలెందుకు?

జవాబు: వాన కబురుకి, మార్కెట్ ధరకి ఫోన్ బ్రహ్మాండం. ఫోటో చూసి తెగులు చెప్పే యాప్‌లు కూడా కొన్నిసార్లు సాయపడతాయి. కానీ ఫోటోలో ఆకు మాత్రమే కనిపిస్తుంది, ఇందాక చెప్పిన కుళ్లిన వేరు కనిపించదు. వీడియోని పదిమందితో కలిసి చూసి, మధ్యలో ఆపి, మన చేలో ఇది కుదురుతుందా అని మాట్లాడుకుంటే మంచి పనిముట్టే. అలా ఎక్కడ ఆపాలో, ఆపి ఏం అడగాలో తెలిసిన మనిషి ఒకరు అక్కడ ఉండాలి. ఆ మనిషికే శిక్షణ.