చందా కట్టని సభ్యుడికి లెక్కలు అడిగే హక్కు ఉంటుందా?

ప్రశ్న: మా ఫ్లయింగ్ క్లబ్ తెలంగాణలో సొసైటీగా రిజిస్టరైంది. పదేళ్లకు పైగా సభ్యుణ్ణి. ప్రెసిడెంటు, ట్రెజరర్ బావాబావమరుదులు. మూడేళ్లుగా ఆడిట్ రిపోర్టు చూపించడం లేదు. నేను మొదటిసారి సోలో ఎగిరిన పాత టూ సీటర్ తేలికపాటి విమానం, మైక్రోలైట్‌ను ప్రెసిడెంటు బంధువుకే చవగ్గా అమ్మేశారు. జనరల్ బాడీ ఒప్పుకుందంటూ మినిట్స్ చూపిస్తున్నారు. ఆ రోజు హాజరు కోసమని మా చేత ఖాళీ పేజీ మీద సంతకాలు పెట్టించుకుని, పైన తీర్మానం తర్వాత రాసుకున్నారు. ఇది జరిగి రెండేళ్ల ఏడు నెలలైంది. నిరసనగా అప్పటినుంచి వార్షిక చందా కట్టడం మానేశాను. మొన్న లెక్కలు అడిగితే ‘అడగడానికి నువ్వెవరివి?’ అని అందరి ముందూ అవమానించారు. నిద్ర పట్టడం లేదు. పోలీసు కేసు పెట్టాలా? విమానాలు కండిషన్‌లో లేవని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి రాసి క్లబ్బు మూయిస్తే దారికొస్తారని ఒక మిత్రుడు అంటున్నాడు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో సగం అవమానం గురించే ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. అయితే ప్రెసిడెంటు అడిగిన ఆ ప్రశ్ననే రేపు కోర్టులో అవతలి లాయరు కాస్త మర్యాదగా అడుగుతాడు. మీ కేసు నిలుస్తుందా, మొదటి వాయిదాలోనే చిక్కుల్లో పడుతుందా అన్నది దానికి మీరిచ్చే జవాబు మీదే ఉంది.

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 సెక్షన్ 23 ప్రకారం సొసైటీ వ్యవహారాల్లో వివాదం వస్తే ‘సభ్యుడెవరైనా’ ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. మెజారిటీ మీ వెంట ఉండాల్సిన పని లేదు, ఒక్కరు చాలు. కానీ ఆ ఒక్కరు సభ్యుడై ఉండాలి. రెండేళ్లకు పైగా చందా ఎగ్గొట్టిన మీరు ఈ రోజు సభ్యుడేనా? ఉత్తరమంతా వెతికినా బైలాస్, అంటే క్లబ్బు నియమావళి, మాట ఒక్కచోటా లేదు.

నిరసనగా చందా ఆపేయమని మీకు ఎవరు చెప్పారో గానీ, కమిటీకి అంతకంటే మేలు ఇంకెవరూ చేసి ఉండరు. ముందు బైలాస్‌లో సభ్యత్వం రద్దయ్యే క్లాజు తీసి చదవండి. ‘బకాయి పడితే నోటీసిచ్చి, కమిటీ తీర్మానంతో తొలగించవచ్చు’ అని ఉండి, మీకు నోటీసే రాకపోతే మీరు ఇంకా సభ్యుడినేనని గట్టిగా వాదించవచ్చు. ‘ఫలానా గడువు దాటితే సభ్యత్వం దానంతటదే రద్దవుతుంది’ అని ఉంటే మాత్రం కష్టం. ఏది ఉన్నా, ఈ వారంలోనే బకాయి మొత్తం క్లబ్బు బ్యాంకు ఖాతాలో వేయండి. నగదు వద్దు. ‘నా అభ్యంతరాలు, హక్కులు వదులుకోకుండా కడుతున్నాను’ అని ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వాళ్లు డబ్బు తిప్పి పంపితే అదీ మీకు పనికొచ్చే కాగితమే. సభ్యత్వం నిజంగానే పోయిందని తేలితే, చందా బాకీ లేని సభ్యుడి చేత దరఖాస్తు వేయించి, మీరు సాక్షిగా అఫిడవిట్ ఇవ్వండి.

ఇక సంతకం. చదువుకున్నవాళ్లు, విమానం ఎక్కే ముందు చెక్‌లిస్టు వరస తప్పకుండా చూసుకునేవాళ్లు, ఖాళీ పేజీ మీద సంతకం ఎలా పెట్టారండీ? దానివల్ల వచ్చిన నష్టం మీరనుకున్నదానికంటే పెద్దది. ఇలాంటి దరఖాస్తులకు లిమిటేషన్ చట్టం, 1963 ఆర్టికల్ 137 కింద మూడేళ్ల గడువు అని లెక్కపెట్టుకోవాలి. మోసం జరిగినప్పుడు, అది తెలిసిన రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండే రోజు నుంచి గడువు లెక్కించే వెసులుబాటు సెక్షన్ 17లో ఉంది. కానీ తీర్మానం కింద మీ సంతకం ఉంది కాబట్టి మీకు ఆ రోజే తెలుసని వాళ్లంటారు. అందుకే సెక్షన్ 17ను నమ్ముకుని కూర్చోకండి. మీటింగ్ తేదీ నుంచే లెక్కేసుకుంటే మీ చేతిలో ఉన్నది ఐదు నెలలు. రిజిస్ట్రారుకు అర్జీలు పెట్టి ఎదురుచూస్తే ఆ గడువు ఆగదు. ఎవరిది అసలు కమిటీ, ఏ తీర్మానం చెల్లుతుంది అని తేల్చే అధికారం రిజిస్ట్రారుకు లేదు.

అయితే ఆ ఆఫీసుతో మీకు వేరే పని ఉంది. కమిటీ జాబితాలు, ఆడిట్ అయిన లెక్కలు ఏటా అక్కడ దాఖలు చేయాలి. ఏం దాఖలు చేశారో, ఏం చేయలేదో సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. క్లబ్బుకు నేరుగా ఆర్టీఐ పెడితే లాభం ఉండదు. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు అందని సొసైటీలు ఆ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. రిజిస్ట్రారు ఆఫీసు మాత్రం వస్తుంది.

అసలు సాక్ష్యం విమానం కాగితాల్లోనే ఉంటుంది. వీటీ నంబరు (‘వీటీ’తో మొదలయ్యే మన దేశపు రిజిస్ట్రేషన్ నంబరు) ఉన్న విమానం యజమాని మారితే డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా మారాలి. అమ్మకం కాగితం మీద తేదీ మీ మీటింగ్ కంటే ముందుదైతే, తీర్మానాన్ని తర్వాత అతికించారన్న మీ మాటకు మినిట్స్ పుస్తకం కంటే పెద్ద బలం దొరికినట్టే. జర్నీ లాగ్‌బుక్‌లో, అంటే ప్రతి ప్రయాణం నమోదు చేసే పుస్తకంలో, ఎగిరిన గంటలు, క్లబ్బు వసూలు చేసిన గంటల చార్జీలు పక్కపక్కన పెట్టి చూస్తే ట్రెజరర్ లెక్కల సంగతీ తేలుతుంది. ఈ పుస్తకాలు మీరు ఎత్తుకురాకండి, కోర్టు ద్వారా తెప్పించండి. మీటింగ్ నోటీసు వాట్సాప్‌లో వచ్చిందా? ఆ గ్రూపులోంచి కోపంతో బయటికి రాకండి, ఫోను మార్చకండి. స్క్రీన్‌షాట్లు సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

మీ మిత్రుడి సలహా పొరపాటున కూడా పాటించకండి. విమానంలో నిజంగా లోపం కళ్లారా చూసి ఉంటే, ఇవాళే మీ పేరుతో డీజీసీఏకి రాయండి, దానికి ఈ గొడవతో సంబంధం లేదు. కమిటీని లొంగదీయడానికి లేని లోపం రాస్తే, అధికారికి తప్పుడు సమాచారం ఇచ్చినందుకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద మీరే ముద్దాయి అవుతారు. పరువునష్టం కేసు అదనం. అప్పుడు కోర్టులో మీ దరఖాస్తు కూడా కక్షతో వేసిందిగానే కనిపిస్తుంది.

పోలీసు కేసు సంగతి: క్లబ్బు ఆస్తిని సొంతానికి మళ్లించారని కాగితాలతో చూపగలిగితే నమ్మకద్రోహం కేసు ఉంటుంది. ఇప్పుడు మీ దగ్గర ఆ కాగితాలు లేవు. ‘సివిల్ తగాదా’ అని స్టేషన్‌లో పంపేస్తారు. తీసుకున్నా, ఆ ఫిర్యాదు మీ మూడేళ్ల గడువును ఒక్క రోజు కూడా పెంచదు. కాగితాలు దొరికాక చూద్దాం.

కాబట్టి సెక్షన్ 23 దరఖాస్తే మీ దారి. ఆ తీర్మానం చెల్లదని ప్రకటించమని, రికార్డులన్నీ కోర్టు ముందు పెట్టించమని, స్వతంత్ర ఆడిటరు చేత లెక్కలు చూపించమని అడగండి. మిగిలిన విమానాలు అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వులు కూడా కోరండి, వాళ్లు అలవాటు పడ్డారు కదా. ఆ రోజు ఖాళీ పేజీ మీద సంతకం పెట్టిన మిగతావాళ్లలో ఇద్దరు ముగ్గురి చేతనైనా అఫిడవిట్లు రాయించండి. ఒక్కరు చెబితే సాకు అంటారు. బైలాస్, పాత చందా రసీదులు, ఇప్పుడు కట్టబోయే బకాయి రసీదు పట్టుకుని మీ జిల్లా కోర్టులో సివిల్ వైపు పనిచేసే లాయర్ని ఈ నెలలోనే కలవండి.