అమెరికన్ ఫుట్‌బాల్‌లో ‘థర్డ్ అండ్ సెవెన్’ అంటే ఏమిటి?

బంతి తన వద్ద ఉన్న జట్టు మూడో ప్రయత్నానికి సిద్ధమైందని, ఇంకా 7 గజాలు ముందుకు సాగాలని దీని అర్థం. 10 గజాలు సాధించడానికి జట్టుకు ‘డౌన్’ అనే ప్రయత్నాలు నాలుగు ఉంటాయి. సాధిస్తే మళ్లీ నాలుగు లభిస్తాయి; విఫలమైతే బంతి అక్కడే ప్రత్యర్థి పరమవుతుంది కనుక, నాలుగో డౌన్‌లో చాలా జట్లు సాహసించక బంతిని దూరంగా తన్నేస్తాయి, లేదా గోల్ దగ్గరైతే ఫీల్డ్ గోల్‌కు (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని పాయింట్లు సాధించడానికి) ప్రయత్నిస్తాయి. అందుకే అసలు ఉత్కంఠ మూడో డౌన్‌లోనే.

ఉదాహరణకు, మొదటి డౌన్‌లో 3 గజాలు పరుగెత్తి, రెండో డౌన్‌లో విసిరిన పాస్ ఎవరికీ అందక నేలను తాకితే, తర్వాతిది థర్డ్ అండ్ సెవెన్.

ఆ 7 గోల్ గీతకు ఉన్న దూరమని చాలామంది పొరబడతారు. అది కొత్త డౌన్లు సంపాదించేందుకు దాటవలసిన గీతకు ఉన్న దూరం మాత్రమే. గోల్ గీతే లక్ష్యమైనప్పుడు అంకెకు బదులు ‘థర్డ్ అండ్ గోల్’ అంటారు.